ఇంటిపేరు మారిన నాచు

లోకములో ఒక వస్తువునకు పేరు పెట్టుట కష్టము కాదు. దానికి చోటు చూపుటయే కష్టము. పుట్టిన బిడ్డకు బారసాలనాడు పేరు పెట్టుదురు. అది తాతగారి పేరు కావచ్చును, ఇలవేలుపు పేరు కావచ్చును, తల్లికి ముచ్చటైన పేరు కావచ్చును. కాని ఇంటిపేరు అట్లు ఎవరి ముచ్చటనుబట్టియు వచ్చునది కాదు. అది పుట్టుకతో వచ్చునది. ఎవరి సంతతియో తెలుపునది. మొక్కల లోకమునందును ఇదియే న్యాయము. ఒక మొక్కకు పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడు తన పనిలో సగమే చేసినవాడు. అది ఏ కుటుంబమునకు చెందినదో, దాని చుట్టములెవరో చెప్పిననాడు గాని మిగిలిన సగము పూర్తికాదు.

చిక్కుడుతీగయు చింతచెట్టును ఒకే కుటుంబమునకు చెందినవని ఉపాధ్యాయుడు చెప్పినపుడు తరగతిలోని పిల్లలు నమ్మలేరు. ఒకటి పందిరిమీద ప్రాకి ఒక్క యేటితో ముగియునది. మరియొకటి తరతరములవారికి నీడనిచ్చునది. కాని ఉపాధ్యాయుడు చిక్కుడుకాయను, చింతకాయను ప్రక్కప్రక్కన పెట్టి, రెండింటిలోను ఒకే వరుసలో అమరియున్న గింజలను చూపినచో పిల్లల కన్నులు విచ్చుకొనును. ఆకును చూచి మోసపోవచ్చును, ఎత్తును చూచి మోసపోవచ్చును. కాయ మాత్రము వంశమును దాచదు.

మరి కాయయే దొరకని మొక్కను ఏమి చేయవలెను? అట్టి మొక్క యొకటి హిమాలయమున దొరికినది. దానిని చూచిన పండితులు ఆకునుబట్టి ఒక ఇంటిపేరు పెట్టిరి. ఆ పేరు తప్పని నిశ్చయముగా తేలుటకు 1861 మొదలు 1993 వరకు, అనగా 132 సంవత్సరములు పట్టినది. ఆ మొక్క పేరు తకాకియా. రెండు సెంటీమీటర్లకు మించి పెరుగని ఒక నాచు. దాని కథ వృక్షశాస్త్రములోని వర్గీకరణ విధానమునకు చక్కని పాఠము.

రెండు పుట్టుకల మొక్క

వానలు పట్టిన పిదప పాతగోడలమీదను, బావిగట్టు రాళ్లమీదను, చెట్ల మొదళ్లమీదను పచ్చని మఖమలు పరచినట్లు పెరుగునది నాచు. తెలుగున నాచు, పాచి అను మాటలను చెరువునీటిమీది తెట్టెకును, రాతిమీది జారుడు పొరకును, ఈ పచ్చని మఖమలుకును కూడ వాడుట కలదు. శాస్త్రదృష్టిలో ఇవి వేరువేరు. నీటిమీది తెట్టె శైవలము. చిన్న కాండమును, దానిచుట్టు చిన్ని ఆకులును కలిగి నేలను కప్పుకొని పెరుగునదే ఆంగ్లమున మాస్ అనబడు నాచు. ఇట్టి నాచులు ప్రపంచములో దాదాపు 12,000 జాతులు కలవని అంచనా.

నాచుకు పూవు లేదు, కాయ లేదు, విత్తు లేదు, నిజమైన వేరును లేదు. నేలను పట్టుకొనుటకు నూలుపోగులవంటి మూలతంతువులు మాత్రము కలవు. దీనికి దగ్గరి చుట్టము లివర్‌వర్టు అను మరియొక చిన్నమొక్క. వీనిలో కొన్ని కాలేయపు తమ్మెలవలె బల్లపరుపుగా నేలను అంటియుండుటచేత పూర్వము ఐరోపావారు వానికి ఆ పేరు పెట్టిరి. కాని లివర్‌వర్టులలో పెక్కింటికి చిన్ని కాండమును, ఆకులును ఉండును. అట్టివానిని నాచులతో ప్రక్కన పెట్టినచో తెలియనివారు రెండును ఒకటే అందురు.

ఈ రెండు తెగల జీవితములోను రెండు దశలు కలవు. మనకు కనబడు పచ్చనిమొక్క మొదటి దశ. దానియందు పురుష బీజాశయములును, స్త్రీ బీజాశయములును పుట్టును. వానచినుకులు పడినపుడు పురుషబీజములు ఆ తడిలో ఈదుకొనిపోయి స్త్రీబీజమును చేరును. అవి కలిసిన పిదప రెండవ దశ మొదలగును. తల్లిమొక్క నెత్తిమీదనే సన్నని కాడయొకటి లేచి, దాని కొనయందు ఆవగింజంతయో అంతకన్న చిన్నదియో యైన గుళిక యేర్పడును. ఆ గుళిక పండి పగిలినపుడు ధూళివంటి సిద్ధబీజములు గాలిలో ఎగిరిపోయి, పడినచోట మరల పచ్చనిమొక్కలై మొలుచును. బిడ్డ తల్లి భుజముమీద నిలిచి, తల్లి పెట్టినది తిని, అక్కడనే పండి రాలిపోవునన్నమాట.

నాచు ఏదో, లివర్‌వర్టు ఏదో తెలిసికొనుటకు ఈ రెండవ దశయే ముఖ్యమైన సాక్ష్యము. నాచులో ముందు కాడ పెరుగును. పిదప దాని కొనయందు గుళిక పండును. అందుచేత ఆ కాడ గట్టిగా ఉండి పలుదినములు నిలుచును. లివర్‌వర్టులో ముందు గుళిక తల్లిమొక్క పొదుగులోనే పండును. పిదప కాడ ఒక్కసారిగా సాగి గుళికను పైకెత్తి, పని ముగియగనే వాడి వాలిపోవును. నాచు గుళికలో నడుమ ఒక స్తంభిక నిలిచియుండును. లివర్‌వర్టు గుళికలో అది లేదు. లివర్‌వర్టు గుళికలో సిద్ధబీజములను చిమ్ముటకు మరచుట్టలవంటి సన్నని తంతువులుండును. నాచులో అవి లేవు. నాచు మూలతంతువులు పలు కణములు వరుసగా చేరి యేర్పడినవి. లివర్‌వర్టు మూలతంతువు పొడవైన ఒకే కణము. ఇన్ని గుర్తులున్నపుడు పొరపాటు ఎట్లు వచ్చునని అడుగవచ్చును. తకాకియా విషయములో వచ్చిన చిక్కే అది. ఈ గుర్తులలో ఒక్కటియు దానిలో చాలకాలము కనబడలేదు.

లినేయసు పొరపాటు, హెడ్విగ్ దిద్దుబాటు

గుళికను సరిగా అర్థము చేసికొనకపోవుటవలన పొరపడినవారిలో ఒకడు సామాన్యుడు కాడు. మొక్కల నామకరణమునకు పునాది వేసిన స్వీడను దేశీయుడు లినేయసు 1753లో తన మహాగ్రంథమును ప్రకటించెను. అందు పూవులున్న మొక్కలనన్నింటిని కేసరములను లెక్కించి తరగతులుగా విభజించెను. పూవు కనబడని నాచులు, శైవలములు, శిలీంధ్రములు మున్నగువానిని చిట్టచివరిదగు ఇరువదినాలుగవ తరగతిలో చేర్చి, దానికి గుప్తవివాహములు అను అర్థము వచ్చు పేరు పెట్టెను. వీని పెండ్లి ఎక్కడనో చాటున జరుగుచున్నదని ఆయన భావము. నాచు గుళికనుండి ధూళి రాలుట చూచి, అది పూవులోని పుప్పొడితిత్తి వంటిదని ఆయన తలచెను. తల్లి నెత్తిమీది బిడ్డను చూచి తండ్రియనుకొనుట వంటిది ఆ పొరపాటు.

దానిని దిద్దినవాడు జర్మను దేశములో వైద్యవృత్తిలో నున్న యోహాన్ హెడ్విగ్. ఆయన రోగులను చూడగా మిగిలిన కాలమును సూక్ష్మదర్శినితో గడపి, నాచులలో పురుష బీజాశయము ఏదో, స్త్రీ బీజాశయము ఏదో, గుళిక దేని ఫలమో విడమరచి చూపెను. నాచులను గూర్చిన ఆయన ముఖ్యగ్రంథము ఆయన మరణించిన పిదప 1801లో వెలువడినది. నేటికిని నాచుల శాస్త్రీయ నామములకు లెక్క ఆ గ్రంథమునుండియే మొదలగును. స్ఫాగ్నము అను బురదనేలల నాచుల కుటుంబము ఒక్కటే దీనికి మినహాయింపు. గుళికను చూడనిదే నాచు వంశమును నిర్ణయింపరాదను నియమము హెడ్విగ్ నాటినుండి స్థిరపడినది.

మందులు అమ్మినవాని బల్లమీద

పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున హిమాలయ వృక్షసంపదను శోధించినవారిలో జోసెఫ్ డాల్టన్ హుకర్ ప్రముఖుడు. ఆయన 1848లో సిక్కిము ప్రాంతమున సంచారము మొదలుపెట్టెను. కాలినడకను మంచుకనుమలనెక్కి వేలకొలది మొక్కలను సేకరించెను. 1849లో అక్కడి దివాను ఆయనను, తోడి ఆంగ్లోద్యోగిని కొంతకాలము నిర్బంధములో నుంచెను. ఇన్ని అవస్థలు పడి ఆయనయు, ఆయనవంటి ఇతరులును పంపిన మూటలలో రోడోడెండ్రాను వంటి కన్నులపండువైన మొక్కలతోపాటు, ఎవరును కన్నెత్తి చూడని నాచులును, లివర్‌వర్టులును ఉన్నవి.

వానిని పరిశీలించు పని విలియం మిట్టెన్ అనునాయనకు వచ్చినది. ఆయన విశ్వవిద్యాలయ పండితుడు కాడు. ఇంగ్లండులోని ససెక్సు ప్రాంతమున హర్‌స్ట్‌పియర్‌పాయింట్ అను ఊరిలో మందుల దుకాణము నడుపుకొనువాడు. పగలు మందులు నూరి పొట్లములు కట్టి, మిగిలిన వేళ ప్రపంచము నలుమూలలనుండి వచ్చు ఎండునాచులను నీట నానబెట్టి సూక్ష్మదర్శిని క్రింద పెట్టువాడు. ప్రకృతివరణ సిద్ధాంతమును డార్వినుతోపాటు ప్రకటించిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెసు 1866లో వివాహమాడినది ఈ మిట్టెన్ కుమార్తెనే.

భారతదేశపు లివర్‌వర్టులను గూర్చి మిట్టెన్ వ్రాసిన గ్రంథము 1861లో వెలువడినది. అందులో సిక్కిమునుండి వచ్చిన ఒక చిన్నమొక్కను వర్ణించి, దానిని అంతకుముందే తెలిసియున్న లెపిడోజియా అను లివర్‌వర్టు ప్రజాతిలో చేర్చి, లెపిడోజియా సెరటోఫిల్లా అని పేరు పెట్టెను. సెరటోఫిల్లా అనగా కొమ్ములవంటి ఆకులు గలది. లెపిడోజియా మొక్కల ఆకులును వ్రేళ్లవలె చీలియుండును. మిట్టెన్ చేతిలో నున్నది ఎండిన తునుక, గుళిక లేదు. ఆకును చూచి ఆయన చుట్టరికము కలిపెను. ఆ పేరు గ్రంథములో చేరినది. ఆ తునుక కాగితపు పొట్లములో చేరినది. ఆ తరువాత సుమారు నూరు సంవత్సరములు దానిని గూర్చి పట్టించుకొన్నవారు లేరు.

"ఇదేమిటి చెప్మా!"

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొలది సంవత్సరములకు జపాను దేశమున నాచుల పరిశోధన ముమ్మరమైనది. షిన్‌స్కె హత్తోరి అను శాస్త్రజ్ఞుడు 1946లో నిచినాన్ అను ఊరిలో నాచులకును, లివర్‌వర్టులకును ప్రత్యేకించి ఒక పరిశోధనశాలను స్థాపించెను. యుద్ధమున ఓడి, ఊళ్లు కాలి, తిండికి ఇబ్బందిపడుచున్న దేశములో నాచులకొక పరిశోధనశాల వెలయుట ఆశ్చర్యమే. ఆ శాల వెలువరించిన పత్రిక కొలదికాలమునకే ఆ శాస్త్రమున ప్రపంచప్రసిద్ధి పొందినది.

1950 ప్రాంతముల నోరివో తకాకి అను నాచుల పరిశోధకుడు జపాను ఎత్తైన కొండలలో ఒక వింతమొక్కను సేకరించెను. సెంటీమీటరో, రెండో ఎత్తు. కాండముచుట్టు ఆకులకు మారుగా కణుపులేని గుండ్రని పుల్లలవంటివి. ఒక్కొక్క ఆకు మొదలంట చీలి రెండు, మూడు, నాలుగు వ్రేళ్లయినట్లున్నది. నేలలోనికి ఆకులులేని తెల్లని కొమ్మలు దిగియున్నవి. మూలతంతువులు మాత్రము ఒక్కటియు లేవు. ఇది శైవలమా, నాచా, లివర్‌వర్టా, లేక మరియొక పెద్దమొక్క పిల్లదశయా అని చూచినవారెల్ల తికమకపడిరి. జపానువారు దానికి నంజమొంజ గొకె అని పేరు పెట్టిరి. గొకె అనగా నాచు. నంజమొంజ అనగా తెలుగున "ఇదేమిటి చెప్మా" అనుటకు సరిపోవు మాట. ఇదేమిటో తెలియదని ఒప్పుకొనుచు పెట్టిన పేరు అది. ఒకవిధముగా ఆ మొక్కకు పెట్టిన పేర్లన్నింటిలోను సత్యమైనది అదియే.

1958లో హత్తోరియు, హిరోషి ఇనొవె అను మరియొక శాస్త్రజ్ఞుడును ఆ మొక్కను శాస్త్రీయముగా వర్ణించి, కనుగొన్నవాని గౌరవార్థము తకాకియా అను క్రొత్త ప్రజాతిని నెలకొల్పి, తకాకియా లెపిడోజియాయిడీసు అని నామకరణము చేసిరి. ఆ రెండవమాటకు లెపిడోజియాను పోలినది అని అర్థము. నూరేండ్ల క్రిందట మిట్టెన్ కన్నులకు కనబడిన పోలికయే వీరికిని కనబడినది. పోలినది అని వీరు అనిరి; అదియే అని ఆయన అనెను. భేదము అంతమాత్రమే.

కథ అక్కడ మరియొక మలుపు తిరిగినది. లివర్‌వర్టుల పండితుడగు గ్రోల్లె, మిట్టెన్ వర్ణించిన పాత సిక్కిము మొక్కయు ఈ తకాకియాకు తోబుట్టువేయని గుర్తించి, 1963లో దానిని లెపిడోజియానుండి తప్పించి తకాకియా సెరటోఫిల్లాగా మార్చెను. ఇప్పటికిని ఈ ప్రజాతిలో ఉన్నవి ఆ రెండు జాతులే. కాగితపు పొట్లములలో ఎండుచున్న తునుకలను పారవేయక తరతరములు కాపాడుట ఎందులకో ఈ సంఘటన తెలుపుచున్నది. మొక్క పేరు తప్పుగా వ్రాయబడినను, మొక్క మిగిలియున్నచో తప్పును దిద్దవచ్చును. మొక్కయే పోయినచో దిద్దుబాటునకు దారి లేదు.

సాక్షులు లేని వ్యాజ్యము

క్రొత్త ప్రజాతి యేర్పడినది. క్రొత్త కుటుంబము తకాకియేసి అను పేర యేర్పడినది. కాని ఆ కుటుంబము ఏ తెగలోనిది? హత్తోరి మున్నగువారు దానిని లివర్‌వర్టులలో చేర్చిరి. అందులకు కారణములు లేకపోలేదు. హాప్లోమైట్రియము అను లివర్‌వర్టు కలదు. దానికిని మూలతంతువులు లేవు. దానికిని ఆకులులేని కొమ్మలు నేలలోనికి దిగును. దాని దేహముననుండియు జిగురుపదార్థము స్రవించును. దాని స్త్రీ బీజాశయములును ఏ కవచము లేక బయటికే కనబడుచుండును. తకాకియాలో ఈ లక్షణములన్నియు కలవు. కావున తకాకియాను హాప్లోమైట్రియమునకు పొరుగున కూర్చుండబెట్టిరి. వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకములును అట్లే వ్రాసినవి. విద్యార్థులు పరీక్షలలోను అట్లే వ్రాసిరి.

సందేహించినవారును లేకపోలేదు. దాని కణములలోని క్రోమోసోములను లెక్కించినపుడు ఒక జాతిలో నాలుగు, రెండవదానిలో అయిదు మాత్రమే కనబడినవి. మామూలు లివర్‌వర్టులలో ఆ సంఖ్య సాధారణముగా తొమ్మిది. దాని ఆకులు కాండముచుట్టు మూడు వరుసలలో పేర్చినట్లు కాక, క్రమము తప్పి అమరియున్నవి. 1976లో అలాస్కా, కెనడా ప్రాంతములనుండి ఆండ్రియోబ్రియము అను క్రొత్త నాచును స్టీర్, ముర్రే అను ఇరువురు వర్ణించిరి. వారిలో బార్బరా ముర్రే 1988లో వ్రాసిన వ్యాసమున, ఆ నాచునకును, దాని చుట్టములకును తకాకియాతో గల పోలికలను ఎత్తిచూపెను. తకాకియా నాచులవైపు మొగ్గుచున్నదను అనుమానము బలపడినది.

కాని అనుమానము తీర్పు కాదు. తీర్పు చెప్పవలసిన గుళిక కనబడలేదు. అసలు గుళిక యేర్పడుటకు ముందు పురుష బీజాశయము ఉండవలెను గదా! ఎక్కడ వెదకినను ఈ మొక్కలలో స్త్రీ బీజాశయములే కనబడినవి. పురుషమొక్క ఒక్కటియు దొరకలేదు. జపానులో లేదు, హిమాలయమున లేదు, ఉత్తర అమెరికా పశ్చిమతీరమున లేదు. విరిగి రాలిన తునుకలనుండి మరల మొలుచుచు, మగతోడు లేకయే ఈ మొక్క యుగములు గడుపుచున్నదేమోయని కొందరు తలచిరి. సాక్షులులేని వ్యాజ్యమువలె ఈ ప్రశ్న వాయిదాలు పడుచు వచ్చినది.

అల్యూషియన్ దీవుల సాక్ష్యము

అలాస్కాకును రష్యాకును నడుమ, పసిఫిక్ మహాసముద్రపు ఉత్తరపు అంచున, అల్యూషియన్ దీవులు విల్లువలె వంగి వరుసగా నున్నవి. చలిగాలి, పొగమంచు, ఎడతెగని జల్లు అక్కడి నిత్యవాతావరణము. చెట్లు నిలువలేని ఆ దీవులు నాచులకు మాత్రము పుట్టినిల్లు. డేవిడ్ స్మిత్, పాల్ డేవిసన్ అను అమెరికను శాస్త్రజ్ఞులు అక్కడ సేకరించిన తకాకియా సెరటోఫిల్లా మొక్కలలో, ఎవరును అంతవరకు చూడని పురుష బీజాశయములు కనబడినవి. వానితోపాటు ఇన్నేండ్లుగా వెదకుచున్న గుళికలును కనబడినవి.

సాక్ష్యము ఎంత స్పష్టముగా నున్నదనగా, ఇక వాదమునకు తావు లేకపోయినది. కాడ గట్టిగా నున్నది. గుళిక పండకముందే పెరిగి, పండిన పిదపయు నిలిచియున్నది. గుళికనడుమ స్తంభిక కలదు. మరచుట్టల తంతువులు లేవు. పెరుగుచున్న గుళిక నెత్తిమీద నాచులకుండు టోపీవంటి పొర కలదు. ఇవన్నియు నాచు లక్షణములే. ఒకటి మాత్రము వింత. సామాన్యమైన నాచుల గుళికకు మూత యుండి, పండినపుడు అది ఊడిపోవును. తకాకియా గుళికకు మూత లేదు. దాని గోడమీద మెలితిరిగిన గీత యొకటి కలదు. పండినపుడు ఆ గీతవెంట గుళిక మెలికగా చీలి సిద్ధబీజములను వెదజల్లును. ఆ మెలిక చీలిక దాని సొంత ముద్ర.

స్మిత్, డేవిసన్‌లు ఈ విషయమును 1993లో ప్రకటించి, తకాకియాను లివర్‌వర్టులనుండి తొలగించి నాచులలో చేర్చవలెనని ప్రతిపాదించిరి. ఆ వ్యాసమును వారు ప్రకటించినది మరెక్కడనో కాదు. 1958లో ఆ మొక్కకు తకాకియా అని పేరు పెట్టి లివర్‌వర్టులలో చేర్చిన హత్తోరి పరిశోధనశాల పత్రికలోనే. తాను చెప్పిన మాటను దిద్దు వ్యాసమును ఆ పత్రికయే అచ్చువేసినది. శాస్త్రమునకు ఇంతకన్న గౌరవప్రదమైన ఆచారము లేదు.

ఇద్దరున్న ఇంటికి ఒక జిల్లా

నాచులలో చేరినది సరే, నాచులలో ఎక్కడ? దగ్గరి చుట్టమని చెప్పదగిన నాచు ఒక్కటియు లేదు. వర్గీకరణములో జాతులు కలిసి ప్రజాతి యగును. ప్రజాతులు కలిసి కుటుంబము, కుటుంబములు కలిసి క్రమము, క్రమములు కలిసి తరగతి యగును. ఇండ్లు కలిసి వీధి, వీధులు కలిసి ఊరు, ఊళ్లు కలిసి జిల్లా యైనట్లే. తకాకియా విషయములో శాస్త్రజ్ఞులు చేసినదేమనగా, ఇద్దరు తోబుట్టువులున్న ఒకే ఇంటికి ఒక వీధి, ఆ వీధికి ఒక ఊరు, ఆ ఊరికి ఒక జిల్లా ఏర్పాటు చేసిరి. జాతులు రెండు, ప్రజాతి ఒకటి, కుటుంబము ఒకటి, క్రమము ఒకటి, తరగతి ఒకటి. వేలకొలది జాతులున్న సామాన్యపు నాచుల తరగతి ఎంతటి హోదా కలదో, ఈ రెండు జాతుల తరగతియు అంతటి హోదా కలదే.

ఇది అన్యాయముగా తోచవచ్చును. కాని వర్గీకరణము జనాభా లెక్క కాదు, వంశవృక్షము. ఎంతమంది యున్నారను ప్రశ్న అందులో లేదు. ఎప్పుడు విడిపోయినారనునదే ప్రశ్న. తరువాతివారు జన్యుపదార్థమును పరీక్షించి చూచినపుడు ఆ నిర్ణయమే నిలిచినది. నాచుల వంశవృక్షమున మొదటికొమ్మలు చీలినచోటనే, స్ఫాగ్నము నాచుల సమీపమున, తకాకియా నిలిచినది. ఆకు చెప్పలేని మాటను గుళిక చెప్పినది. గుళిక చెప్పిన మాటను జన్యువులు ధ్రువపరచినవి.

పర్వతము పైకెత్తిన మొక్క

చైనా, జర్మనీ దేశముల శాస్త్రజ్ఞులు పది సంవత్సరములకు పైగా టిబెట్టు పీఠభూమిమీద 4,000 మీటర్లకు మించిన ఎత్తులలో తకాకియాను పరిశీలించి, దాని జన్యుసంపుటిని ఆసాంతము చదివి 2023లో ఫలితములను ప్రకటించిరి. వారి గణనలో ఈ వంశము దాదాపు 39 కోట్ల సంవత్సరముల నాటిది. భూమిమీద మొదటి పూవు పూయుటకు ఎంతయో ముందు. హిమాలయము పుట్టుటకును ఎంతయో ముందు. భారత భూఖండము ఉత్తరముగా జరిగివచ్చి ఆసియాను ఢీకొనుట సుమారు అయిదుకోట్ల సంవత్సరముల క్రిందటి మాట. ఆ ఒత్తిడికి నేల పైకి లేచినపుడు, దానిమీద నున్న ఈ చిన్నిమొక్క దానితోపాటే పైకి లేచినది.

పైకి వెళ్లినకొలది గాలి పలుచనయినది. ఎండలోని అతినీలలోహిత కిరణములు తీక్ష్ణములైనవి. ఏటికి సుమారు ఎనిమిది నెలలు మంచుక్రింద నుండవలసి వచ్చినది. ఆ కష్టములను తట్టుకొనుటకు దాని జన్యువులలో పెక్కు వేగముగా మారినవని ఆ పరిశోధన తెలుపుచున్నది. పైరూపము మాత్రము ఎక్కువగా మారలేదు. చూపునకు కదలక నిలిచినట్లుండి, లోపల నిరంతరము పరిశ్రమించు ఈ మొక్కను చూచి, ప్రాచీనమైనదనగా మార్పులేనిది అని తలచుట తప్పని గ్రహింపవలెను.

ఇంతటి ఓర్పుగల మొక్కకు ఇప్పుడు కొత్తగా చిక్కు వచ్చినది. పీఠభూమి వేడెక్కుచున్నది, మంచు కరగుచున్నది, తకాకియా పెరుగు చోట్లు ఏటేట తగ్గుచున్నవి. ఈ శతాబ్ది ముగియునాటికి దానికి అనువైన తావు ప్రపంచమంతటిలోను సుమారు 1,000 మొదలు 1,500 చదరపు కిలోమీటర్లకు కుదించుకొని పోవచ్చునని ఆ శాస్త్రజ్ఞుల అంచనా. పర్వతము లేచునపుడు దానికి కోట్ల సంవత్సరముల వ్యవధి దొరికినది. ఇప్పటి మార్పునకు పదుల సంవత్సరముల వ్యవధి మాత్రమే యున్నది.

మిట్టెన్ చేసిన పొరపాటును ఎత్తిచూపుట నేడు సులభము. కాని ఆయన బల్లమీద నున్నది ఎండిన తునుక ఒక్కటే. ఉన్న సాక్ష్యమును నిజాయితీతో చూచి, చూచినది వ్రాసి, చూచినదానిని తరువాతివారికొరకు భద్రపరచెను. హత్తోరి చేసినదియు అదియే. గ్రోల్లె చేసినదియు అదియే. ఒకరి తప్పును ఒకరు దిద్దుచు, దిద్దినవారు ముందువారిని నిందింపక, నలుగురు తరముల పండితులు ఒక గడ్డిపోచంత మొక్కను దాని ఇంటికి చేర్చిరి. తరగతిలో వర్గీకరణ పట్టికను నల్లబల్లమీద వ్రాయునపుడు, అది శిలాశాసనము కాదనియు, నేటి సాక్ష్యమునుబట్టి నేడు చెప్పిన తీర్పు మాత్రమేననియు విద్యార్థులకు తెలుపుట మంచిది. సుద్దముక్కతో వ్రాసినదానిని తుడిచి దిద్దుటకు వీలున్నది. కాని మొక్క ముందుగా కొండమీద మిగిలియుండవలెను.